ముక్క దించడమే అసలు విద్య

గోవా పేకాట పోటీల్లో రైసుమిల్లు గుమస్తా సాధన * పద్దు పుస్తకం పట్టిన మిత్రులు

రేపల్లె: "పేకాట ఆడి చెడినవాళ్లను నలభై మందిని నేను చూపిస్తా. బాగుపడినవాణ్ణి ఒక్కణ్ణి నువ్వు చూపించరా". 2018లో టీ కొట్టు బల్ల మీద ఒక రైతు తన చిన్ననాటి మిత్రుడికి విసిరిన సవాలు ఇది. ఆ మిత్రుడు ఇప్పటికీ ఆ ఒక్కణ్ణి చూపించలేకపోయారు. అలాగని ఆట మానలేదు. రైతు స్నేహమూ మానలేదు. ఇద్దరి మధ్యకు ఒక నూరు పేజీల పద్దు పుస్తకం మాత్రం వచ్చి చేరింది.

ఆట మానని ఆ మిత్రుడిది రేపల్లె మండలంలోని ఒక గ్రామం. రైసుమిల్లులో గుమస్తా. వయసు 48. ఎకరంన్నర మాగాణి, భార్య, డిగ్రీ పూర్తిచేసిన కూతురు. పత్రికలో తన పేరు వద్దన్నారు. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. పేకాట అనే మాట పక్కన నా పేరు కనబడితే వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు" అన్నది ఆయన భయం. ఆ భయం ఊహ కాదు. గోవా వెళ్లి పేకాడతాడట అన్న మాట చెవిన పడి ఒక సంబంధం ఇప్పటికే వెనక్కి పోయింది.

ఆయన ఆడేది పోకర్. అదీ పోటీల పోకర్. ఏడాదికి రెండుసార్లు రైలెక్కి గోవా వెళ్లి ఆడి వస్తారు. ఊళ్లో పైసా పెట్టి ముక్క ముట్టరు.

మేనల్లుడు తెచ్చిన ఆట

2018 సంక్రాంతికి బెంగుళూరు నుంచి వచ్చిన మేనల్లుడు ఫోనులో ఈ ఆట చూపించాడు. అప్పటికి గుమస్తాగారికి తెలిసింది పదమూడు ముక్కల రమ్మీయే. పండగ మూడు రోజులూ అరుగు మీద ఆడటం, కనుమ దాటితే పేక అటక మీదికి ఎక్కించడం ఆ ఇంటి ఆనవాయితీ.

పోకర్‌లో ఇప్పుడు ఎక్కువగా ఆడే రకం పేరు టెక్సాస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. ఆ తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ముందు మూడు ముక్కలు, తర్వాత ఒకటి, చివర మరొకటి తెరుస్తారు. చేతిలో రెండు, బల్ల మీద ఐదు, మొత్తం ఏడింటిలో మేలైన ఐదు ఎవరికి కుదిరితే వారిది పై చేయి. జత కంటే రెండు జతలు, అంతకంటే ఒకే రకం ముక్కలు మూడు, ఆపైన వరస, ఆపైన ఒకే రంగు ఐదు, ఇలా మెట్లున్నాయి. ముక్కలు తెరిచిన ప్రతి దశలోనూ పందెం పెంచవచ్చు, సమానం కట్టవచ్చు, ముక్కలు దించేసి తప్పుకోవచ్చు. చేతిలో ఏమీ లేకపోయినా గట్టిగా పందెం పెంచి ఎదుటివారిని బెదరగొట్టవచ్చు. ఈ బుకాయింపు వల్లే పోకర్‌కు అంత పేరు, అంత అపకీర్తి.

పోటీ పద్ధతి వేరు. అందరూ ఒకే ప్రవేశ రుసుము కడతారు. అందరికీ సమానంగా బిళ్లలు ఇస్తారు. అవి డబ్బు కావు. బయటికి తెచ్చి మార్చుకోవడానికి వీల్లేదు. బిళ్లలన్నీ పోతే లేచి ఇంటికి. చూడకుండానే కట్టాల్సిన తప్పనిసరి పందెం ఇరవై నిమిషాలకో అరగంటకో పెరుగుతూ పోతుంది కాబట్టి ముడుచుకుని కూర్చున్నా బిళ్లలు కరిగిపోతాయి. సాధారణంగా నూటికి పది పదిహేను మందికే బహుమతి దక్కుతుంది. అందులోనూ పెద్ద భాగం మొదటి ముగ్గురిది. రుసుములో కొంత నిర్వాహకులు మినహాయించుకుంటారు.

"రమ్మీలో ఓడితే కౌంటు కట్టి మళ్లీ ఆడొచ్చు. ఇందులో బిళ్లలయిపోతే లేవాల్సిందే. పోయేది ఎంతో గుమ్మంలోనే తెలిసిపోతుంది. అదే నాకు నచ్చింది" అంటారాయన.

చింతపిక్కలతో సాధన

ఆడటం రెండు రోజుల్లో వచ్చింది. బాగా ఆడటం మాత్రం రాలేదు. రాత్రి భోజనాలయ్యాక పంచలో చాప వేసుకుని ఆయన ఒక్కరే ఆరుగురికి ముక్కలు పంచి, ఆరుగురి తరఫునా ఆలోచించేవారు. బిళ్లలకు బదులు చింతపిక్కలు. చిన్న పిక్క ఒకటి, తాటిచెట్టు గీసిన బొత్తాం పది, చొక్కా గుండీ వంద. ప్రతి పంపకం ఫలితమూ మిల్లులో బస్తాల లెక్క రాసినట్టే నోటుబుక్కులో వరసలు గీసి రాశారు.

లెక్కలు ఆయనకు కొత్త కాదు. 52 ముక్కల్లో రెండు ముక్కల కలయికలు 1,326. అందులో ఆసుల జత చేతికి వచ్చేది 221 పంపకాలకు ఒకసారి. ఏదో ఒక జత 17 పంపకాలకు ఒకసారి. బల్ల మీద మూడు ముక్కలు తెరిచాక చేతివాటితో కలిపి నాలుగు ఇస్పేట్లు ఉన్నాయనుకుంటే, ఐదో ఇస్పేటు కోసం మిగిలిన రెండు ముక్కల్లో ఆశ నూటికి 35. ఒక్క ముక్కే మిగిలి ఉంటే అది నూటికి 19 లేక 20కి పడిపోతుంది. అయిదు రూపాయలు గెలవడానికి రెండు రూపాయలు పెట్టాలా అన్న ప్రశ్న ప్రతిసారీ ఈ అంకెలతోనే తేల్చుకోవాలి.

"ఆసుల జతకు రాజుల జత ఎదురుపడినా ఐదింట ఒకసారి రాజులు గెలుస్తాయి. ఆ ఒక్కసారీ మన మీదే పడుతుంది. పడ్డప్పుడు తిట్టుకోకుండా లేచి రావడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది" అని ఆయన చెప్పారు.

ఒక పండగ రోజున మిత్రుల్ని కూర్చోబెట్టి చింతపిక్కలతో ఆడిస్తుంటే ఎవరో కబురు పెట్టగా పోలీసులు వచ్చారు. చాప మీద పిక్కలు, బొత్తాలు చూసి ఒక పోలీసు ఉద్యోగి నవ్వాపుకోలేకపోయాడు. "ఇవి పట్టుకెళ్లి స్టేషన్లో పులుసు పెట్టుకోమంటారా?" అని అడిగి, డబ్బు జోలికి మాత్రం పోవద్దని చెప్పి వెళ్లిపోయాడు. పిక్కలు మిగిలాయిగాని, ఊళ్లో మాట మాత్రం ఆగలేదు. ఫలానా ఇంట్లో పేకాట పట్టుబడిందని సాయంత్రానికి పక్క ఊరిదాకా పాకింది.

చట్టం మాటేమిటి?

పేకాట నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదన తెలుగునాట కొత్తది కాదు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసుల దాడితో మొదలైన కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో తీర్పు చెప్పింది. ఏ ముక్క పడిందో గుర్తుంచుకోవడం, దేన్ని ఉంచుకోవాలో దేన్ని వదలాలో తేల్చుకోవడం కావాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని, మూడు ముక్కలాట వంటివి కేవలం అదృష్టం మీద నడిచేవని కోర్టు తేడా చూపింది. దేశంలో పేకాట మీద ఏ కోర్టులో వాదన జరిగినా ఈ తెలుగు కేసు ప్రస్తావన రాక మానదు.

తర్వాత చట్టాలు గట్టిపడ్డాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆంధ్రప్రదేశ్ ఇందుకోసం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలు నడపడాన్ని దేశమంతటా నిషేధించింది. గోవాలో మాత్రం ప్రభుత్వ లైసెన్సుతో నడిచే కాసినోలు ఉన్నాయి. పణజి వద్ద మాండవి నదిలో నిలిపిన ఓడల్లోనూ, కొన్ని హోటళ్లలోనూ ఇవి నడుస్తాయి. 21 ఏళ్లు నిండినవారికే ప్రవేశం. గుమస్తాగారి ఆట అక్కడికే పరిమితం.

2020 కరోనా రోజుల్లో మిల్లు మూతపడి ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు ఫోనులో డబ్బు పెట్టి ఆడాలని తనకూ మనసు లాగిందని ఆయన దాచలేదు. "రాత్రి రెండింటికి ఎవరూ చూడరు. లేచి పొమ్మనేవాడు ఉండడు. పోటీలో ఉన్న గీత అందులో లేదు. అది గుర్తొచ్చి మానేశాను. సెప్టెంబరులో ఎలాగూ చట్టమే వచ్చింది" అన్నారు.

గంటన్నరలో ఇంటిదారి

2019 జనవరిలో మొదటిసారి గోవా బయల్దేరారు. రేపల్లె నుంచి తెనాలి మీదుగా గుంటూరు, అక్కడ అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నంద్యాల, గుంతకల్లు, హుబ్బళ్లి దాటి మర్నాటికి వాస్కో. అక్కణ్ణుంచి పణజికి బస్సు. ఏడాది పాటు సిగరెట్లు మాని దాచిన డబ్బులోంచి రూ. 5,500 ప్రవేశ రుసుము కట్టారు. బల్ల దగ్గర కూర్చున్నాక తొంభై నిమిషాల్లో బిళ్లలన్నీ పోయాయి.

"ముక్కలు బాగానే వచ్చాయి. నేనే బాగాలేను. అంత దూరం వచ్చి దించేసి కూర్చోవడమేమిటని వచ్చిన ప్రతి ముక్కా ఆడాను. నూరు పంపకాలకు యాభైలో దూరి ఉంటాను" అని ఆయన ఒప్పుకున్నారు.

తిరిగి వచ్చిన సాయంత్రం టీ కొట్టు దగ్గర ముగ్గురు మిత్రులు ఎదురు చూస్తున్నారు. ఒకరు రైతు. ఒకరు బస్టాండు దగ్గర టైలరు. ఇంకొకరు ఆర్టీసీలో కండక్టరుగా చేసి విరమించినవారు. నలుగురూ ఒకే బడిలో ఒకే బల్ల మీద చదివినవారు.

"ధర్మరాజుగారు వేంచేశారు. రాజ్యం ఉందా, పోయిందా?" అని కండక్టరు పలకరింపు. "ఓడ మీద పేకాడితే ముక్కలు తడవవా బావా?" అని టైలరు వెటకారం. రైతు మాత్రం నవ్వలేదు.

రైతు నవ్వకపోవడానికి కారణం ఉంది. ఆయన తమ్ముడు మూడు ముక్కలాటలో రెండెకరాల మాగాణి పోగొట్టుకున్నాడు. మొదట ధాన్యం డబ్బు, తర్వాత ఎడ్లు, ఆ తర్వాత తాకట్టు, చివరికి రిజిస్ట్రేషను. ఇప్పుడు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు కాపలాదారు. "పేకాటలో విద్య ఉందని నువ్వు చెప్పక్కర్లేదు. మా వాడూ అదే చెప్పేవాడు. ఈ ఒక్క ఆటతో పోయిందంతా లాగేస్తానన్నయ్యా అనేవాడు" అని రైతు ఆ రోజు అన్న మాట మిగిలిన ముగ్గురికీ ఇప్పటికీ గుర్తుంది.

మిత్రుల షరతులు

మాట మీద మాట పెరిగి మూడు నెలలు ఇద్దరికీ పలుకుల్లేవు. టైలరు మధ్యవర్తిగా రాజీ కుదిరింది. రైతు మూడు షరతులు పెట్టారు. ఏడాదికి ఇంత అని ముందే డబ్బాలో వేసిన సొమ్ము తప్ప మరొక రూపాయి ముట్టరాదు. అప్పు చేసి ఆడరాదు. మూడోది, పద్దు పుస్తకం తన దగ్గరుండాలి. ప్రవేశ రుసుమే కాదు, రైలు టిక్కెట్టు, గది అద్దె, హుబ్బళ్లి స్టేషన్లో తిన్న ఇడ్లీతో సహా రాయాలి.

"జూదరి నోట గెలిచిన లెక్కలే వస్తాయి. ఓడినవి గుర్తుండవు. మా తమ్ముడు ఎప్పుడడిగినా గెలిచాననే చెప్పాడు. అందుకే పుస్తకం నేనే పట్టుకున్నా" అంటారు రైతు.

గుమస్తాగారి భార్యకు ఈ కట్టుబాటే ధైర్యం. "ఆయన్ను నేను ఆపలేను. ఆ అన్నయ్య ఆపగలడు. నా మెళ్లో గొలుసు జోలికి రానంతకాలం ఏడాదికి రెండుసార్లు రైలెక్కితే ఎక్కనీ అనుకున్నాను" అని ఆమె చెప్పారు.

ఇలాంటి సందేహాలు మన పల్లెలకే పరిమితం కాదు. న్యూయార్కులో ఉండే మరియా కొన్నికోవా అనే రచయిత్రి మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు పొందారు. పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా తెలియని దశలో, అదృష్టానికీ నేర్పుకీ ఉన్న హద్దును స్వయంగా తెలుసుకోవాలని ఎరిక్ సీడెల్ అనే ప్రసిద్ధ ఆటగాడి దగ్గర పోకర్ నేర్చుకున్నారు. అంత చదివి జూదమా అని ఆమె అమ్మమ్మ మెచ్చలేదు. 2018లో బహామా దీవుల్లో జరిగిన పోటీలో ఆమె మొదటి స్థానం గెలిచారు. ఆ అనుభవాలతో రాసిన 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' 2020లో వెలువడింది. ఆ పుస్తకాన్ని కూతురు హైదరాబాదు నుంచి తెచ్చి ఇవ్వగా, గుమస్తాగారు నిఘంటువు పక్కన పెట్టుకుని ఎనిమిది నెలల్లో చదివారు.

దించిన ముక్కలే లెక్క

2022లో మళ్లీ ప్రయాణాలు మొదలయ్యేసరికి ఆయన ఆట మారింది. నోటుబుక్కులో ఒక కొత్త వరస చేరింది. అది గెలిచిన పందేల వరస కాదు, దించేసిన ముక్కల వరస. నూరు పంపకాల్లో ఇప్పుడు ఆయన ఆడేవి పద్దెనిమిది, ఇరవై. మిగిలిన ఎనభై చూసి పక్కన పెట్టేస్తారు.

ఏ ముక్క వచ్చిందన్నదాని కంటే ఏ స్థానంలో కూర్చున్నామన్నది ముఖ్యమని ఆయన అంటారు. ముందుగా మాట్లాడాల్సినవాడికి వెనకవాళ్ల ఉద్దేశం తెలియదు. చివర మాట్లాడేవాడికి అందరి సంగతీ తెలుస్తుంది. అందుకే ముందు కూర్చున్నప్పుడు దించేసిన ముక్కనే చివర కూర్చున్నప్పుడు ఆడతారు. మిల్లు దగ్గర ధాన్యం బేరంలో ముందు ధర చెప్పినవాడే నష్టపోతాడన్న సంగతి ఆయనకు ముప్పై ఏళ్లుగా తెలుసు.

పోటీలో మరో కిటుకు ఉంది. ఇక్కడ గెలిచిన బిళ్ల కంటే పోయిన బిళ్ల విలువ ఎక్కువ. బిళ్లలు రెట్టింపైతే బహుమతి ఆశ రెట్టింపు కాదు. అన్నీ పోతే మాత్రం ఆశ మొత్తం పోతుంది. బహుమతుల హద్దు దగ్గరపడేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

జాకీల జత

2024లో జరిగిన ఒక పోటీ గురించి టీ కొట్టు దగ్గర ఇప్పటికీ చెప్పుకుంటారు. పన్నెండుమందికి బహుమతులు. పదమూడుమంది మిగిలారు. ఇంకొక్కరు లేస్తే అందరికీ ఎంతో కొంత దక్కుతుంది. గుమస్తాగారి చేతికి జాకీల జత వచ్చింది. మామూలుగా అయితే వదిలే ముక్క కాదు. కానీ ఆయన కంటే ముందు ఒకరు బిళ్లలన్నీ తోసేశారు. ఇంకొకరు వాటికి సమానంగా తమవీ తోసేశారు.

ఆయన నిమిషం ఆలోచించి జాకీలను దించేశారు. ఆ ఇద్దరూ ముక్కలు తెరిచారు. ఒకరివి రాజుల జత. రెండోవారివి ఆసు, రాణి. జాకీలు ఆడి ఉంటే గెలిచే వీలు ఐదింట ఒక వంతు కూడా లేదు. అయితే బల్ల మీద తెరిచిన మూడో ముక్క జాకీ! ఆడి ఉంటే ఆ బిళ్లలన్నీ ఆయనవే.

ఊళ్లో ఈ సంగతి చెప్పగానే కండక్టరు తొడ చరిచారు. "చూశావురా, ఉన్నట్టయితే కొట్టేసేవాడివి. పిరికితనంతో పోగొట్టుకున్నావు" అన్నారు. టైలరూ తలూపారు. గుమస్తాగారు మాత్రం "తర్వాత వచ్చిన ముక్కను బట్టి కాదురా, దించేటప్పుడు నాకు తెలిసినదాన్ని బట్టి చూడాలి. ఆ చోట నూరుసార్లు వస్తే నూరుసార్లూ దించుతాను" అని జవాబిచ్చారు. ఆ రోజు రాజుల జత ఉన్నాయన గెలిచారు. రెండోవారు లేచిపోయారు. గుమస్తాగారు బహుమతుల్లోకి వచ్చి, రాత్రి రెండు గంటలదాకా కూర్చుని, నాలుగో స్థానంలో రూ. 62,000 గెలిచారు.

అంతవరకు మాట్లాడని రైతు అప్పుడు ఒక్క మాట అన్నారు. "జాకీల జత దించేశావా? మా వాడు జీవితంలో ఒక్క ముక్క దించలేకపోయాడురా". ఆ తర్వాత లేచి వెళ్లి నలుగురికీ టీ చెప్పారు. అయిదేళ్లలో ఆట గురించి ఆయన ఎదురు మాట అనకపోవడం అదే మొదలని టైలరు చెప్పారు.

పద్దు ఏమంటోంది?

పొగడ్త అక్కడితో సరి. రైతు దగ్గరున్న పుస్తకానికి మొహమాటం లేదు. 2019 నుంచి 2025 చివరిదాకా పది ప్రయాణాలు, పన్నెండు పోటీలు. మొదటి ఆరింటికి రూ. 5,500 చొప్పున, తర్వాతి ఆరింటికి రూ. 11,000 చొప్పున రుసుములు మొత్తం రూ. 99,000. ప్రయాణం, బస, తిండి కలిపి రూ. 45,000. వెరసి ఖర్చు రూ. 1,44,000.

బహుమతులు మూడుసార్లు వచ్చాయి. 2022లో రూ. 14,000, 2024లో రూ. 62,000, 2025లో మూడో స్థానానికి రూ. 1,10,000. మొత్తం రూ. 1,86,000. ఇక్కడిదాకా చూస్తే రూ. 42,000 మిగులు. కానీ పేకాట గెలుపు మీద ఆదాయపు పన్ను నూటికి 30. అది అక్కడే కోత పడుతుంది. ఓడిన పోటీల రుసుమును గెలిచిన సొమ్ములోంచి మినహాయించుకునే వీలు ఈ పన్నులో లేదు. కోత రూ. 55,800 పోగా చేతికి వచ్చింది రూ. 1,30,200. అంటే ఏడేళ్లకు నికర నష్టం రూ. 13,800.

"రైలు ఖర్చు తీసేస్తే నేను గెలిచినట్టే" అని గుమస్తాగారి వాదన. "రైలు నిన్ను ఊరికే ఎక్కించుకుందా?" అని రైతు ప్రశ్న. "ఏడేళ్లకు పదమూడువేలంటే సిగరెట్ల కంటే చవకే కదరా" అని టైలరు తీర్పు. ఈ వాదన వారానికి ఒకసారైనా జరుగుతుంది.

మూడుసార్లు బహుమతి రావడం నేర్పేనని చెప్పడానికి గుమస్తాగారు కూడా సిద్ధంగా లేరు. "పన్నెండు పోటీలు చాలవు. బాగా ఆడేవాళ్లే వరసగా పదేసి పోటీల్లో ఉత్త చేతులతో వస్తారు. నేర్పో అదృష్టమో తేలాలంటే వందల పోటీలు ఆడాలి. నా జీతానికి అన్ని ఆడలేను. కాబట్టి నాకు ఎప్పటికీ తేలదు. మొదటి ఏడాది కంటే బాగా ఆడుతున్నానన్నది మాత్రం తెలుసు. అది డబ్బులో కాదు, దించిన ముక్కల్లో కనబడుతుంది" అని ఆయన అన్నారు.

కుర్రాళ్లు వస్తే...

లక్షా పదివేలు గెలిచారన్న వార్త పాకాక ఊరి కుర్రాళ్లు నేర్పమని వెంటపడ్డారు. అమెరికాలో 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు 86 డాలర్లు పెట్టి ఇంటర్నెట్‌లో ఆడి, లాస్ వేగాస్ ప్రపంచ పోటీకి అర్హత సంపాదించి, 25 లక్షల డాలర్లు గెలిచిన కథ వారికి కంఠస్థం. ఆ కథ విన్నాకే ప్రపంచంలో లక్షలమంది ఈ ఆటకు ఎగబడ్డారు. "ఆ పోటీలో 839 మంది ఆడారు. ఒక్కడి పేరు మీకు తెలుసు. మిగిలిన 838 మందిలో ఇంకొకడి పేరు చెప్పండి, నేర్పుతాను" అన్నది గుమస్తాగారి షరతు. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అయినా వదలని వారిని ఆయన రైతు ఇంటికి పంపుతారు. అక్కడ రైతు పుస్తకం తెరిచి రూ. 13,800 అంకె చూపిస్తారు. "ఊళ్లో అందరికంటే బాగా ఆడేవాడి లెక్క ఇది. మీది ఎంతవుతుందో వేసుకోండి" అని చెప్పి పంపేస్తారు. ఇద్దరు కుర్రాళ్లు మాత్రం చదరంగం బల్ల కొనుక్కున్నారని టైలరు చెప్పారు.

పెళ్లి సంబంధం వెనక్కి పోయిన బాధ గుమస్తాగారిని వదలలేదు. కూతురికి పెళ్లి కుదిరేదాకా గోవా మానేస్తానని ఆయనే ఒకరోజు అన్నారు. వద్దన్నది కూతురే. "దాచిపెట్టి చేసుకునే సంబంధం నాకొద్దు నాన్నా. వచ్చేవాళ్లకు ఆ పుస్తకమే చూపించండి. అందులో అప్పు లేదుగా" అని ఆ అమ్మాయి అంది. దీనికి గుమస్తాగారు ఇంకా ఒప్పుకోలేదు. భార్య ఎటూ చెప్పలేదు.

ఈలోగా సిగరెట్ల డబ్బాలో సొమ్ము నిండుతోంది. గుంటూరు నుంచి వాస్కోకు పోనూ రానూ స్లీపరు ఛార్జీ ఎంతో విచారించి, పుస్తకంలో కొత్త పేజీ తీసి ఖర్చు వైపు పెన్సిలుతో ముందే రాసి ఉంచారు రైతు. ప్రయాణం ఖాయమైతే ఇంకుతో దిద్దుతారట. లేకపోతే చెరిపేస్తారట.